భార్యకు బదులు భర్త కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకోవచ్చా?

మీ భార్యకు రెండు కాన్పులూ సిజేరియన్లే అయినందున ఆపరేషన్ మీరే చేయించుకుందామని అనుకుంటున్నట్టు రాశారు. మగతనం తగ్గుతుందని, బరువులు ఎత్తలేరని ఇంట్లో పెద్దవాళ్లు భయపెడుతున్నారు. ఆ భయాలకు ఆధారం లేదు. ఉప్పల్‌లో ఉంటున్న నేను మా రెండో బిడ్డ పుట్టిన తర్వాత వేసెక్టమీ, అంటే మగవాళ్లకు చేసే కుటుంబ నియంత్రణ ఆపరేషన్, చేయించుకున్నాను.

ఈ ఆపరేషన్‌లో శుక్రకణాలు ప్రయాణించే రెండు నాళాలను మాత్రమే మూసివేస్తారు. మగ హార్మోన్ వృషణాల నుంచి నేరుగా రక్తంలో కలుస్తుంది, వీర్యంలో అధిక భాగం వేరే గ్రంథుల నుంచి వస్తుంది కనుక దాంపత్యంలో తేడా ఉండదు. ఆ చోట మాత్రమే మత్తు ఇచ్చి, కత్తి గాటు, కుట్లు లేకుండా అరగంట లోపే పూర్తిచేస్తారు. నాకు కొద్దిరోజులు వాపు, లాగుతున్నట్టు నొప్పి ఉండి తగ్గిపోయాయి. ఆడవాళ్లకు చేసే ఆపరేషన్ ట్యూబెక్టమీకి పొట్టలోపలికి వెళ్లాలి కాబట్టి ప్రమాదం అందులోనే ఎక్కువ.

నన్ను బాధించినది వేరు. ఒక ఆసుపత్రి కౌంటరు దగ్గర విషయం చెప్పగానే "మేడమ్‌ను తీసుకురండి" అన్నారు. ఆపరేషన్ నాకేనంటే, ఆవిడకు ఏం జబ్బని అడిగారు. "కష్టపడి సంపాదించే మనిషివి, నీకెందుకురా" అన్నది మా అమ్మ. రెండు కాన్పుల తర్వాత కూడా ఇంటెడు చాకిరీ చేస్తున్న కోడలి కష్టం ఎవరి లెక్కలోకీ రాలేదు.

అమ్మ భయానికి కారణం ఉంది. ఎమర్జెన్సీ కాలంలో, 1976-77 ఒక్క ఏడాదిలోనే దేశంలో 60 లక్షలకు పైగా పురుషులకు ఈ ఆపరేషన్లు చేశారు, చాలాచోట్ల బలవంతంగా. ఆ తర్వాత ప్రభుత్వాలు మగవాళ్ల జోలికి పోవడం తగ్గించి, భారమంతా ఆడవాళ్ల మీద వేశాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15-49 ఏళ్ల వివాహిత స్త్రీలలో 37.9 శాతం మంది తామే ఆపరేషన్ చేయించుకోగా, భర్త ఆపరేషన్ మీద ఆధారపడినవారు 0.3 శాతమే. గర్భనిరోధం ఆడవాళ్లు చూసుకోవలసిన పని అని అదే సర్వేలో 35 శాతం మంది పురుషులు చెప్పారు. గర్భం మోసేదీ, సిజేరియన్ కోత భరించేదీ ఆమే అయినప్పుడు ఈ ఒక్క పనైనా మనం తీసుకోకపోవడం అన్యాయమని నా గట్టి అభిప్రాయం.

అయితే దీన్ని శాశ్వత పద్ధతిగానే భావించి నిర్ణయించుకోండి. నాళాలను మళ్లీ కలిపినా పిల్లలు పుడతారన్న హామీ లేదు. మీ ఇద్దరిలో ఎవరికి కాస్త సందేహం ఉన్నా, ప్రస్తుతానికి నిరోధ్‌తోనో, ఆవిడకు ఇష్టమైతే కాపర్-టీతోనో, మూడు నెలలకోసారి వేసే 'అంతర' అనే గర్భనిరోధక ఇంజెక్షన్‌తోనో సరిపెట్టుకోండి. నిర్ణయించుకున్నాక మీ బస్తీ దవాఖానాలో అడిగితే ఏ ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలో చెబుతారు. అక్కడ ఆపరేషన్ ఉచితం. దాని ఫలితం వెంటనే రాదు. మూడు నెలల తర్వాత వీర్య పరీక్ష చేయించుకొని, శుక్రకణాలు లేవని రిపోర్టు చేతికి వచ్చేదాకా నిరోధ్ మానవద్దు.