శాంటోరినిలో కెమెరా: ఏ వేళకి ఎక్కడ?

ప్రశ్న: సెప్టెంబరు నడిమిలో రెండు రోజులు గ్రీసు దీవి శాంటోరినిలో ఉంటాం. నీలి గుమ్మటాలు, సూర్యాస్తమయం రెండూ ఇయా ఊళ్ళోనే తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోవచ్చు, కానీ ఒకే పూటలో కాదు. పోస్టుకార్డుల్లో కనిపించే గుమ్మటాలు అనస్తాసి, అయియోస్ స్పిరిడోనాస్ చర్చిలవి. పై సందులో నిలబడి, కింద గుమ్మటాలూ వెనక సముద్రమూ పడేలా తీయాలి. మీరు వెళ్ళే రోజుల్లో ఉదయం 7 ప్రాంతంలో పొద్దు పొడుస్తుంది. అరగంట ముందే చేరుకోండి, ఆ సందు ఇరుకు. మొదటి గంటలో ఎండ పక్క నుంచి పడుతుంది కాబట్టి గుమ్మటం గుండ్రతనం తెలుస్తుంది. మిట్టమధ్యాహ్నం అదే గుమ్మటం చదునుగా అతికించినట్టు ఉంటుంది. 24 నుంచి 35 ఎం.ఎం. లెన్సు (వెడల్పు దృశ్యం పట్టేది) చాలు. మంచి కోణం కోసం గోడలూ కప్పులూ ఎక్కకండి. అవి జనం ఉంటున్న ఇళ్ళు.

సాయంత్రం శిథిలమైన పాత కోట దగ్గరికి వెళ్ళండి. 7.25 ప్రాంతంలో సూర్యుడు దిగుతాడు, గంటన్నర ముందే చోటు చూసుకోవాలి. అక్కడ అందరూ పడమటికే కెమెరా పెడతారు. మీరు మాత్రం చివరి పావుగంట తూర్పుకి, ఊరి వైపు తిరగండి. తెల్లటి ఇళ్ళన్నీ తేనె రంగుకి మారే ఆ దృశ్యమే అసలు ఫొటో. దానికి 70-200 ఎం.ఎం. లెన్సు (దూరాన్ని దగ్గరగా చూపేది) బాగుంటుంది. సూర్యుడు మునగగానే బయల్దేరకండి. మరో 20 నిమిషాలకి దీపాల వెలుగూ ఆకాశపు నీలమూ సరితూగుతాయి.

ఆ రద్దీ వద్దనుకుంటే అదే దీవిలోని ఇమెరోవిగ్లి ఊరి నుంచి స్కారోస్ కొండని తీయండి. అక్కడా సాయంత్రమే మేలు. దీవిలోని ముఖ్య పట్టణం ఫిరా, ఇమెరోవిగ్లి ఇళ్ళున్న కొండచరియ పడమటి ముఖం, పొద్దున అంతా నీడలో ఉంటుంది.

ప్రశ్న: తెల్లగోడలు ఫొటోలో బూడిదరంగుకి తిరుగుతున్నాయి. ఎందుకు?

జవాబు: కెమెరా మీటరు దేన్నైనా మధ్యస్థ బూడిదరంగు అనుకునే కొలుస్తుంది. ఫ్రేము నిండా తెల్లగోడే ఉంటే వెలుగు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (మీటరు లెక్క మీద మనం వెలుగు పెంచే, తగ్గించే అమరిక) +0.7 నుంచి +1 దాకా పెంచండి. అయితే ప్రతి ఫొటోకీ ఇదే అలవాటు చేసుకుంటే దెబ్బతింటారు. అగ్నిపర్వతం మిగిల్చిన నల్లటి చరియ ఫ్రేములో ఎక్కువగా ఉన్నప్పుడు మీటరు వెలుగు పెంచుతుంది, గోడల్లో వివరం మొత్తం పోతుంది. అప్పుడు -0.3 నుంచి -0.7కి తగ్గించాలి. హిస్టోగ్రాం (ఫొటోలో ఎడమన చీకటి నుంచి కుడిన వెలుగు దాకా ఎంతుందో చూపే గ్రాఫు) కుడి అంచుకి దగ్గరగా రావాలి, ఆ అంచుకి గుద్దుకోకూడదు. రా (RAW, కెమెరా సవరించని అసలు సమాచారం) ఫార్మాట్‌లో తీస్తే నీడల్ని తర్వాత పైకి తేవచ్చు, తెల్లగా కాలిపోయినదాన్ని మాత్రం తేలేం.

ప్రశ్న: ట్రైపాడ్ పెట్టినా రాత్రి ఫొటోలు అదురుతున్నాయి.

జవాబు: చరియ అంచున గాలి గట్టిగా వీస్తుంది. మధ్య స్తంభం పైకి లేపకండి, సన్నటి చివరి కాళ్ళు లాగకండి. బరువుకి సంచి వేలాడదీస్తే దాని అడుగు నేలకి ఆనాలి, ఊగితే అదురు ఇంకా పెరుగుతుంది. స్టెబిలైజేషన్ (చేతి అదురుని సరిదిద్దే సదుపాయం) ఆపి, 2 సెకన్ల టైమరు పెట్టండి.