గౌను దొంగిలిస్తే సముద్రాలు దాటించారా?

ప్రశ్న: ద్వీపాంతరవాసం అంటే నాకు తెలిసింది అండమాన్ ఒక్కటే. ఇంగ్లండ్‌లో దొంగతనం చేసిన ఆడవాళ్ళని కూడా ఆస్ట్రేలియా పంపేసేవారని మా అబ్బాయి అంటే నమ్మలేదు. నిజమేనా? అంత దూరం పంపడానికి ఏం దోచుకున్నారు?

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమే. 1788 నుంచి 1868 దాకా లక్షా అరవై వేలకు పైగా ఖైదీల్ని ఓడలెక్కిస్తే అందులో ఆడవాళ్ళు దాదాపు 25,000 మంది. అంతకుముందు అమెరికాకి పంపేవారు, అక్కడ స్వాతంత్ర్య యుద్ధం మొదలయ్యేసరికి ఆ దారి మూసుకుపోయింది.

ఇక ఏం దోచుకున్నారంటే, పెద్దగా ఏమీ లేదండీ. చాలామంది ఇళ్ళలో పనిచేసేవాళ్ళు. యజమానురాలి గౌను, నాలుగు చెంచాలు, కొట్లో గుడ్డ ముక్క, ఇలాంటివే. అసలు సంగతి అప్పటి చట్టంలో ఉంది. చాలా దొంగతనాల్లో తీసింది ఏమిటన్నదాని కన్నా దాని ఖరీదెంతన్నదే లెక్క. ఒకరి ఇంట్లోంచి 40 షిల్లింగుల సొత్తు ఎత్తుకెళితే ఉరి. అంటే రెండు పౌండ్లకి ఒక ప్రాణం! అందుకే జూరీలో, అంటే నేరం తేల్చే మామూలు పౌరుల బృందంలో, కూర్చున్నవాళ్ళు చాలాసార్లు కళ్ళెదుట ఖరీదైన వస్తువు కనిపిస్తున్నా సరే 39 షిల్లింగులని తేల్చేసేవారు. ఆ ఒక్క షిల్లింగు అబద్ధంతో మెడకి పడాల్సిన తాడు తప్పి ఏడేళ్ళ ప్రవాసంగా మారేది. నన్నడిగితే ఆ కోర్టుల్లో జరిగిన మంచి పనుల్లో అదొకటి.

అలాగని అందరూ పాపం అమాయకులే అనుకోకండి. మేరీ వేడ్ అనే అమ్మాయి ఇంకో పిల్లతో కలిసి ఎనిమిదేళ్ళ పాప ఒంటిమీది బట్టలు విప్పి తీసుకుపోయింది. చేసింది దుర్మార్గమే. కానీ తనూ చిన్నపిల్లే కదా, 1789 జనవరిలో లండన్‌లోని ఓల్డ్ బెయిలీ కోర్టు ఉరిశిక్ష వేసింది. మార్చిలో రాజు మూడో జార్జికి జబ్బు నయమైందన్న సంబరంలో శిక్ష తగ్గించి, లేడీ జూలియానా అనే ఓడలో రెండొందల మందికి పైగా ఆడవాళ్ళతో పాటు పంపించారు. ఆ ఓడ సిడ్నీ చేరేసరికి పది నెలలకు పైగా పట్టింది. మేరీ ఆస్ట్రేలియాలోనే పిల్లాపాపలతో స్థిరపడి 1859లో పోయింది. ఆస్ట్రేలియా ప్రధానిగా చేసిన కెవిన్ రడ్ ఈమె వంశంవాడే.

ప్రశ్న: అక్కడికెళ్ళాక జైల్లో పెట్టేవారా? శిక్ష అయ్యాక తిరిగొచ్చారా?

జవాబు: జైలు తక్కువ, చాకిరీ ఎక్కువ. వలసొచ్చినవాళ్ళ ఇళ్ళకి పనిమనుషులుగా అప్పగించేసేవారు. మాట వినకపోతే, పని దొరక్కపోతే ఫిమేల్ ఫ్యాక్టరీ అనే చోటికి తోలేవారు. పేరుకి ఫ్యాక్టరీ, నూలు వడకడం, బట్టలుతకడం లాంటి పనులుండేవి గానీ నిజానికి అదే వాళ్ళ జైలు. సిడ్నీ దగ్గరి పర్రమట్టాలో ఒకటి, టాస్మేనియా దీవిలో హోబర్ట్ పక్కన కాస్కేడ్స్‌లో ఇంకొకటి. పనిచేసే ఇంట్లో గర్భం వచ్చినా ఆమెని ఇక్కడికే పంపేవారు. బిడ్డ పాలు మానాక తల్లికి మళ్ళీ శిక్ష, అది కూడా ఆమె చేసిన నేరమే అన్నట్టు! ఆ ఇంటి మగవాడి పేరు మాత్రం ఎవరూ అడిగేవారు కాదు.

తిరిగి రావడమంటారా, శిక్ష గడువు తీరితే రావొచ్చు. కానీ టికెట్టు డబ్బులు ఎవరిస్తారు? మగవాడైతే ఓడలో పనికి కుదిరి ఎలాగోలా చేరుకునేవాడు, ఆడదానికి ఆ దారి లేదు. అందుకే ఎక్కువమంది అక్కడే ఉండిపోయారు. మగపిల్లాడి వేషంలో గుర్రాన్ని దొంగిలించి 13 ఏళ్ళకి పట్టుబడిన మేరీ రైబీ అయితే అక్కడ ఓడల వ్యాపారంలో బాగా సంపాదించింది, ఊరు చూసిరావడానికి 1820లో సొంత డబ్బుతో ఇంగ్లండ్ వెళ్ళి మళ్ళీ సిడ్నీకే వచ్చేసింది. ఆస్ట్రేలియా 20 డాలర్ల నోటు దొరికితే చూడండి, దాని మీద కళ్ళజోడు పెట్టుకున్న ముసలావిడ ఈమే.