చెన్నైలో పాత గేమ్‌బాయ్‌ని బాగుచేసి కొత్త స్క్రీన్ పెట్టించుకోవచ్చా?

మీ మావయ్య ఇచ్చిన 1989 నాటి మోడల్ గేమ్‌బాయ్ (చేత్తో పట్టుకుని ఆడే నింటెండో వీడియోగేమ్) ఆన్ అవ్వట్లేదు, ఐపీఎస్ స్క్రీన్ (వెనక నుంచి వెలుగొచ్చే కొత్తరకం ఎల్‌సీడీ) కూడా వేయాలంటున్నారు. వేయొచ్చు, కానీ స్క్రీన్ సంగతి తర్వాత. ముందు బ్యాటరీ మూత తీసి చూడండి. నాలుగు పెన్సిల్ సెల్స్‌ని ఏళ్ల తరబడి లోపలే వదిలేస్తే కారిపోయి, స్ప్రింగుల మీద తెల్లగానో పచ్చగానో పేరుకుంటుంది. ఆల్కలైన్ సెల్ నుంచి కారేది క్షారం కాబట్టి, దూది చుట్టిన పుల్లని వెనిగర్‌లో ముంచి రుద్దితే నురగలొచ్చి వదులుతుంది. ఆపైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి బాగా ఆరనివ్వండి. పవర్ స్విచ్‌లోనూ ఆ ఆల్కహాలే ఓ చుక్క వేసి అటూ ఇటూ పదేపదే జరపండి. చాలాసార్లు జబ్బు అక్కడే ఉంటుంది. క్యాట్రిడ్జ్‌లోకి (గేమ్ ఉండే డబ్బీ) మాత్రం ఊదకండి, నోటి తేమకి దాని లోహపు కాంటాక్టులు పాడవుతాయి.

వెనక ఉన్నవి మూడు రెక్కల ట్రై-వింగ్ స్క్రూలు. మామూలు స్క్రూడ్రైవర్‌తో తిప్పితే తల అరిగిపోతుంది. చెన్నైలో ఎలక్ట్రానిక్స్ దొరికే రిచీ స్ట్రీట్‌కి గేమ్‌బాయ్‌ని వెంట తీసుకెళ్లి, సైజు చూసి ట్రై-వింగ్ స్క్రూడ్రైవర్ కొనుక్కోండి.

ఐపీఎస్ కిట్‌తో వెలుగు బ్రహ్మాండంగా ఉంటుంది, సెల్స్ మాత్రం తొందరగా అయిపోతాయి. కొన్ని కిట్లకి లోపలి ప్లాస్టిక్ కోయాలి. నన్నడిగితే మావయ్యగారి గేమ్‌బాయ్ షెల్ (పై ప్లాస్టిక్ డొప్ప) మీద కత్తి పెట్టొద్దు, విడిగా దొరికే కొత్త షెల్‌లో బిగించుకోండి.