మాకు చెప్పని భయాలు అమ్మ నర్సుకు చెబుతోంది... ఎందుకు?

ప్రశ్న: మా అమ్మ వయసు 66. వారం క్రితం బైపాస్ సర్జరీ అయింది. ఐసీయూలో రెండు రాత్రులు గోడ మీద ఎవరో ఉన్నారంటూ కేకలు వేసింది, సెలైన్ పీకేయబోయింది. ఇప్పుడు వార్డులో మామూలుగానే ఉంది గానీ, చీకటి పడితే భయపడుతోంది, నిద్రపోదు. మేం ధైర్యం చెబితే మొహం తిప్పుకుంటుంది. నైట్ డ్యూటీ నర్సుతో మాత్రం చాలాసేపు మాట్లాడుతుంది. ఆవిడ మాకంటే ఎక్కువ ఏం చేస్తోంది? అమ్మను సైకియాట్రిస్టుకు చూపించాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఐసీయూ సంగతి. మీరు రాసినదాన్ని బట్టి అది డెలీరియం, అంటే ఒంట్లో మార్పుల వల్ల మెదడు కొన్నాళ్లు అయోమయంలో పడటం, అయ్యుండాలి. పెద్ద సర్జరీల తర్వాత, అందులోనూ 65 దాటినవాళ్లలో తరచూ చూస్తుంటాం. ఉన్నట్టుండి వస్తుంది, పగలు తగ్గి రాత్రికి ముదురుతుంది. ఇన్ఫెక్షన్, ఆక్సిజన్ లేదా సోడియం తగ్గడం, నొప్పి, కొన్ని రకాల మందులు, నిద్రలేమి, ఇలా కారణాలు చాలా. రౌండ్స్‌లో మేం ఉండేది కొద్ది నిమిషాలే కాబట్టి దీన్ని ముందుగా పసిగట్టేది ఎక్కువగా నర్సులే. కళ్లజోడు, వినికిడి మిషన్ పెట్టించడం, ఇవాళ ఏ వారమో, ఎక్కడున్నారో మళ్లీ మళ్లీ చెప్పడం, రాత్రి లైట్లు, చప్పుడు తగ్గించడం, పగలు లేపి కూర్చోబెట్టడం... ఇవేం పెద్ద వైద్యంలా కనిపించవు. కానీ డెలీరియం రాకుండా కాచేవి ఇవే. కొన్ని నిద్రమాత్రలు దాన్ని ఇంకా పెంచుతాయి కూడా. అందుకే అమ్మకు నిద్ర పట్టడం లేదని మీరే మాత్ర తెచ్చి వేయకండి.

ఇక మీ అసలు బాధ. 'ఏం కాదమ్మా, ధైర్యంగా ఉండు' అంటారు మీరు. ప్రేమతోనే అంటారు, కానీ ఆ మాటతో అమ్మ నోరు మూతపడుతుంది. భయమేస్తోందంటే మీరెక్కడ కంగారు పడతారోనన్న బెంగ ఆమెకు ఎలాగూ ఉంటుంది. నర్సు దగ్గర ఆ మొహమాటం లేదు. పని తెలిసిన నర్సు పక్కన కూర్చుని 'ఏం గుర్తొస్తోంది?' అని అడిగి, ఇక ఊరుకుంటుంది. అలా ఊరుకోవడం చాలామంది డాక్టర్లకే చేతకాదు! 'దగ్గితే కుట్లు విడిపోతాయేమో' అందనుకోండి. అలా జరగదులెమ్మని కొట్టిపారేయదు. ఛాతీ ఎముకను లోపల స్టీలు వైర్లతో బిగించారని చెబుతుంది. దిండును ఛాతీకి అదుముకుని ఎలా దగ్గాలో తనే చేసి చూపిస్తుంది, అమ్మతో చేయిస్తుంది. ఆ భయం అక్కడే సగం దిగిపోతుంది.

చీకటి పడగానే భయపడటానికి ఐసీయూ రాత్రులు కూడా కారణం కావచ్చు. అప్పటివి ముక్కలు ముక్కలుగా గుర్తుండి, మతి పోతోందేమోనని లోలోపల నలిగిపోతారు. ఐసీయూలో ఏ రోజు ఏం జరిగిందో నర్సు చేత వరసగా చెప్పించండి. స్కాండినేవియా దేశాల్లో నర్సులు ఇందుకోసమే రోగి పేరిట డైరీ రాయడం మొదలుపెట్టారు. ఇప్పుడు చాలాచోట్ల ఆ పద్ధతి ఉంది.

అయితే ఒక్కో నర్సు చేతికింద ఎన్నో బెడ్లుంటాయి, ఆవిడకు రోజూ అంత తీరిక ఉండదు. మీకు తెలిసింది మీరూ చెప్పండి: అమ్మకు ఏ చెవి సరిగా వినిపించదు, దేనికి హడలిపోతుంది, గతంలో డిప్రెషన్ ఉందా? 'మా గురించి ఏం చెప్పింది సిస్టర్?' అని మాత్రం ఆరా తీయకండి. ప్రాణానికి ముప్పున్న మాటేదైనా అంటే ఆవిడే డాక్టర్‌కు చెబుతుంది.

సైకియాట్రిస్టు ఇవాళే అక్కర్లేదు. సర్జరీ తర్వాత కొన్నాళ్లు దిగులు, ఏడుపు ఉండేవే. రెండు వారాలైనా రోజులో ఎక్కువ భాగం అలాగే ఉన్నా, దేని మీదా ఆసక్తి లేకపోయినా, తిండి, మందులు వద్దంటున్నా చూపించండి. గుండె జబ్బున్న ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరికి డిప్రెషన్ ఉంటుంది, వదిలేస్తే కోలుకోవడం ఆలస్యమవుతుంది. 'బతికి ఏం లాభం' లాంటి మాట వింటే రెండు వారాలు ఆగొద్దు. చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. ఒంటరిగా వదలకుండా అదే రోజు డాక్టర్‌కు చెప్పండి. ఇంటికెళ్లాక మళ్లీ తికమకగా మాట్లాడినా, మనుషుల్ని గుర్తుపట్టకపోయినా మనసు సమస్యే అనుకుని కూర్చోకండి, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.