రోజుకి రెండు అక్షరాలు

చి. బాబుకి పెదనాన్న దీవించి రాయునది.

నీ ఉత్తరం అందింది. కొట్టు, ఇల్లు, ఫోను తప్ప రోజులో ఏమీ మిగలడం లేదనీ, ఉగాదికి అనుకున్న పది తీర్మానాలూ పదిరోజులు నిలవలేదనీ రాశావు. నిలవవు మరి. పదీ ఒకేసారి నెత్తికెత్తుకుంటే పదీ కలిసే జారతాయి. ఒక్కటి పట్టుకో, అదీ ఐదు నిమిషాల్లో అయిపోయేది.

ఆ ఒక్కటి ఒడియా చదవడం అయితే బాగుంటుంది. పాతపట్నంలో తెలుగు మీడియం చదివి, సరిహద్దు దాటి ఒడిశాలోని పర్లాకిమిడి బజారులో బేరమంతా ఒడియాలో చేస్తూ, బోర్డు కనబడితే పక్కవాణ్ణి అడగడం నీకూ చిన్నతనంగానే ఉంటుంది కదా.

ముందు అంకెలు. ఒడియా క్యాలెండరు ఒకటి గోడకి తగిలించు. పెద్ద ఒడియా అంకె పక్కన ఇంగ్లీషు అంకె చిన్నగా ఉన్నది తెచ్చుకో. చిన్నదాన్ని వేలితో మూసి పెద్దదాన్ని చదువు. వాళ్ళ నాలుగు మన కంటికి 8లా ఉంటుంది, అక్కడ బోల్తా పడకు. మూడు రోజుల్లో అంకెలు వచ్చేస్తాయి.

తర్వాత రోజుకి రెండు అక్షరాలు, పొద్దున్న టీ గ్లాసు కింద పెట్టగానే. ఖాళీ దొరికినప్పుడు చూద్దాం అంటే ఖాళీ దొరకదు, టీ మాత్రం నువ్వు మానవు. వరస మనదే: క, ఖ, గ, ఘ. ళ కూడా ఉంది. చాలా అక్షరాలకి నెత్తిన గుండ్రటి గొడుగు ఉంటుంది, దాన్నే చూస్తే అన్నీ ఒకేలా అనిపిస్తాయి. గొడుగు వదిలేసి కింది ఒంపు చూడు, తేడా అంతా అక్కడే. పలుకులో మన 'అ' వాళ్ళ నోట 'ఒ' వైపు పోతుంది. 'బ్రహ్మపుర' అని రాసి ఉన్నది 'బ్రొహ్మొపురొ' అవుతుంది. చెవికి అలవాటైన భాషే కాబట్టి తప్పు చదివితే చెవే పట్టేస్తుంది. ఒత్తుల్లో కొన్ని రూపు మార్చుకుని గుర్తుపట్టనివ్వవు, వాటిని రెండో నెలకి వదిలెయ్. బస్టాండులో రోజుకో బోర్డు ముందు నువ్వే ఊహించి, ఆ తర్వాతే కండక్టర్ని అడుగు. అడిగేసి చదివితే గుర్తుండదు.

గిడుగు రామమూర్తి గారు మీ పర్లాకిమిడిలోనే పంతులుగా ఉంటూ సవర అనే గిరిజన భాష నేర్చుకున్నారు. ఆ భాష మీద ఆయన పుస్తకం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. అన్నేళ్ళ పని! నీకు ఐదు నిమిషాలు.

21 రోజుల్లో అలవాటు కుదిరిపోతుందని వీడియోల్లో చెప్పేది నమ్మకు. లండన్‌లో 96 మంది మీద చేసి 2010లో అచ్చైన పరిశోధనలో సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా పట్టొచ్చని లెక్క తేలింది. ఒకరోజు తప్పినంత మాత్రాన ఏమీ చెడలేదు. కాబట్టి ఒక పూట తప్పితే మర్నాడు నాలుగు అక్షరాలు నెత్తికెత్తుకోకు, రెండే.

ఇది కుదిరాకే రెండోది మొదలుపెట్టు. నలభై పేజీల నోటుపుస్తకంలో ఆదివారం రాత్రి ఆ వారం బాగున్నవి మూడు రాయి. రోజూ వద్దు, మొక్కుబడి అయిపోతుంది. 'ఇంట్లో అందరూ బాగున్నారు' అని రాస్తే రెండో వారానికే విసుగు పుడుతుంది. 'గురువారం వాన వెలిశాక మహేంద్రతనయ ఏటి గట్టున తడి ఇసుక వాసన', 'అరువు తీర్చడానికొచ్చిన ముసలాయన సంచిలోంచి రెండు పనస తొనలు తీసి పెట్టాడు', అలా రాయి. ఆదివారానికి రాయాలని తెలిస్తే వారమంతా కళ్ళు వెతుకుతూ ఉంటాయి.

ఆ రెండూ నిలిచాక మిగతావి ఒక్కొక్కటిగా. ఫోను రాత్రి వంటింట్లో ఛార్జింగుకి పెట్టి పడుకో, అలారానికి గడియారం కొనుక్కో. నడక వారానికి ఐదు రోజులు, అరగంట చొప్పున. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, ఆ వేగం చాలు.

వచ్చే ఉత్తరం కవరు మీద మా ఊరి పేరు గుణుపురం అని ఒడియాలో రాయి. పిన్‌కోడు మాత్రం ఇంగ్లీషు అంకెల్లోనే వెయ్యి.

ఆశీస్సులతో,
పెదనాన్న