నిజంగా బతికిన హాలీవుడ్ నటుడు విలియం హెయిన్స్ కష్టాన్ని పాటలు కట్టి మ్యూజికల్‌గా వేయడం సరైనదేనా? 'ది టైలర్ మేడ్ మ్యాన్' చూసినవాళ్లు చెప్పగలరా?

సరైనదే. హరిశ్చంద్రుడు కాటికాపరి అయ్యాక పద్యం ఎత్తుకుంటే 'వన్స్ మోర్' అని అరిచిన తాతల మనవలం మనం. ఏడుపుకి పాట పనికిరాదని మనకెవరు నేర్పారు?

2013లో లండన్‌లో ఉద్యోగం చేస్తున్నప్పుడు ఆర్ట్స్ థియేటర్‌లో చూశాను. లెస్టర్ స్క్వేర్ దగ్గర చిన్న హాలు. నటుల మెడ మీద చెమట కూడా కనబడేంత దగ్గరగా కూర్చున్నాం.

కథ తెలియనివాళ్లకి రెండు ముక్కలు. విలియం హెయిన్స్ మూకీల నాటి హీరో, ఎం.జి.ఎం. అనే పెద్ద హాలీవుడ్ స్టూడియోలో. 1926లో జిమ్మీ షీల్డ్స్ పరిచయమయ్యాడు, తర్వాత ఇద్దరూ కలిసే ఉన్నారు. స్టూడియోలో అందరికీ తెలిసిన సంగతే. 1933లో ఒక నేవీ కుర్రాడితో ఉండగా హెయిన్స్ పోలీసులకి దొరికాడు. శ్రీరామచంద్రుడేం కాదు, ఒప్పుకుంటాను. స్టూడియో పెద్ద లూయీ బి. మేయర్ పిలిచి, జిమ్మీని వదిలేసి ఓ అమ్మాయిని పెళ్లి చేసుకో, లేకపోతే నీ దారి చూసుకో అన్నాడు. హెయిన్స్ తన దారి చూసుకున్నాడు.

ఆట అయ్యాక మా ఆఫీసు కుర్రాడు, గుంటూరు అబ్బాయి, నాతోపాటే బయటికొచ్చాడు. చలికి చేతులు వణుకుతుంటే వెనిగర్‌లో తడిసిన చిప్స్ పొట్లం ఒకటి కొని ఇద్దరం పంచుకుంటున్నాం. 'ఇంత గొడవ ఎందుకక్కా? ఎవరినో ఒకమ్మాయిని చేసుకుని, ఇతన్ని పక్కన ఉంచుకుంటే సరిపోయేది కదా' అన్నాడు. చెడ్డవాడు కాదు. మన ఇళ్లల్లో విన్నదే అన్నాడు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. 'మరి ఆ అమ్మాయి సంగతేంట్రా?' అని ఆ ఫుట్‌పాత్ మీదే నిలదీశాను. వాడి దగ్గర జవాబు లేదు. ఆ అమ్మాయి గురించి ఆలోచించాలన్న సంగతే వాడికి తట్టలేదు.

నాకెందుకు తట్టిందంటే, మా పిన్ని కూతురు అలాంటి అమ్మాయే. పెళ్లయిన తొలి సంక్రాంతికి పుట్టింటికొస్తే, వచ్చినవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న, 'ఏమన్నా విశేషమా?' అని. చేతికి అత్తగారు కట్టిన మొక్కు దారం, బ్యాగులో థైరాయిడ్ మాత్రలు. లోపం తనలోనే ఉందనుకుని డాక్టర్ల చుట్టూ తిరిగింది. అసలు సంగతి అబ్బాయి ఇంట్లోవాళ్లకి పెళ్లికి ముందే తెలుసు. మూడు ముళ్లు పడితే అన్నీ అవే సర్దుకుంటాయనుకున్నారట. చివరికి ఆ అబ్బాయే కూర్చోబెట్టి చెప్పాడు, విడిపోయారు. అతని మీద నాకు కోపం లేదు, అతన్నీ బలవంతంగానే పీటల మీద కూర్చోబెట్టారు. మేయర్ ఆఫీసులో జరిగిందీ, మన పెళ్లిచూపుల హాల్లో జరిగేదీ ఒక్కటే. పరువు కాపాడుకోవడానికి ముక్కూమొహం తెలియని ఓ ఆడపిల్లని అడ్డం పెట్టడం.

అందుకే హెయిన్స్ ప్రేమ కోసం కెరీర్ త్యాగం చేశాడని రాసినప్పుడల్లా నాకు చిరాకు. ఎవరో ఒక అమ్మాయి బతుకు పాడు కాకుండా మిగిలింది, దాన్ని ఎవరూ లెక్కేయరు. పైగా పోగొట్టుకున్నది మాత్రం ఏముంది? ఇళ్ల అలంకరణలోకి దిగి అక్కడా పేరు తెచ్చుకున్నాడు. నటి జోన్ క్రాఫర్డ్ ఇల్లు చేశాడు, దర్శకుడు జార్జ్ క్యూకర్ ఇల్లు చేశాడు. లండన్‌లో అమెరికా రాయబారి ఉండే విన్‌ఫీల్డ్ హౌస్‌కి కూడా తర్వాత ఆయనే మెరుగులు దిద్దాడు. కష్టాలు లేవని కాదు, 1936లో ఎల్ పోర్టో అనే సముద్రతీరపు ఊళ్లో ఓ గుంపు వాళ్లిద్దరినీ చితకబాదింది. అయినా విడిపోలేదు. హాలీవుడ్‌లోకెల్లా హాయిగా కాపురం చేసుకున్న జంట వీళ్లేనని క్రాఫర్డ్ అనేదట. 1973 చివర్లో హెయిన్స్ పోయాడు, కొన్ని నెలలకే జిమ్మీ కూడా. దాదాపు యాభై ఏళ్ల కాపురం. మేయర్ మాట విని చేసుకుని ఉంటే ఆ పెళ్లి అయిదేళ్లు కూడా నిలిచేది కాదు, రాసిపెట్టుకోండి.

ఇంకోటి. టాకీలు రావడంతో హెయిన్స్ పని అయిపోయిందని వీడియోల్లో తెగ చెబుతుంటారు. ఎం.జి.ఎం. మొదటిసారి మాటలు వినిపించిన సినిమాల్లో హీరో ఈయనే, 1928 నాటి 'ఏలియస్ జిమ్మీ వాలెంటైన్'. టాకీలు వచ్చేశాక, 1930లో, అమెరికాలో వసూళ్లు తెచ్చే మగ నటుల్లో మొదటి స్థానం ఈయనదే. ఇది తెలుసుకోకుండా గొంతు మీద తోసేయడం అన్యాయం. ఆ నెపం స్టూడియోకి బాగా పనికొస్తుంది కాబట్టి నిలబడిపోయిందని నా నమ్మకం.

మ్యూజికల్ దొరక్కపోతే కింగ్ విడోర్ తీసిన 'షో పీపుల్' (1928) చూడండి. మూకీ కాబట్టి మధ్యమధ్య తెర మీద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు తప్ప భాష ఇబ్బంది ఉండదు. మేరియన్ డేవిస్ పక్కన ఈయన కొంటెతనం చూడొచ్చు, చాప్లిన్ కూడా ఓ చిన్న సీన్లో కనిపిస్తాడు. ఇంట్లో పెళ్లి సంబంధాలు చూస్తున్న పెద్దవాళ్లుంటే వాళ్లనీ కూర్చోబెట్టి చూపించండి. సినిమా అయ్యాక ఈయన మిగతా కథ చెప్పండి.