వెల్లుల్లి పొట్టు త్వరగా, సులువుగా తీయడం ఎలా?

ఆవకాయ కోసం అరకిలో వెల్లుల్లి ఒలవడానికి సాయంత్రమంతా పట్టిందనీ, గోళ్ళ సందులు రాత్రిదాకా మండాయనీ రాశారు. చదువుతుంటే నా వేళ్ళూ చురుక్కుమన్నాయి.

మీ చేతుల్లో లోపమేమీ లేదండీ. మన దగ్గర అమ్మే వెల్లుల్లిలో చాలా భాగం మధ్యప్రదేశ్‌లోని మందసౌర్, నీమచ్ వైపు నుంచి వస్తుంది. అక్కడ కొత్త పంట ఫిబ్రవరి, మార్చి నెలల్లో తీస్తారు. సరిగ్గా మనం ఆవకాయ పెట్టే రోజులకి బజారులో ఉండేది ఆ కొత్త వెల్లుల్లే. లోపల ఇంకా పచ్చిదనం ఉంటుంది కాబట్టి పొట్టు రెబ్బకి అతుక్కుని ఉంటుంది. అదే వెల్లుల్లి దీపావళి నాటికి చేత్తో నలిపితే పొట్టు రాల్చేస్తుంది. అందుకే యూట్యూబులో ఎవరో రెండు స్టీలు గిన్నెలు మూతులు కలిపి పట్టుకుని ఊపితే ఇరవై సెకన్లలో అయిపోయిన పని, మనింట్లో కాదు. నేనూ ఊపాను. బాగా ఎండిన లావు రెబ్బలకి నిజంగానే పనిచేస్తుంది. కొత్త వాటికి మాత్రం రెబ్బలు కమిలాయి, పొట్టు అలాగే ఉంది, మధ్యాహ్నం నిద్రపోతున్న పిల్లాడు లేచి కూర్చున్నాడు.

మాది గుంటూరు వైపు, అత్తగారిది వరంగల్ దగ్గర. పెళ్ళయిన మొదటి వేసవిలో నా తెలివి చూపిద్దామని కిలో వెల్లుల్లి గోరువెచ్చని నీళ్ళలో పావుగంట నానబెట్టాను. పొట్టు మెత్తబడి, నొక్కితే చాలు రెబ్బ జారి బయటికొచ్చింది. గుడ్డతో తుడిచి, ఆవకాయలో కలిపేశాను. నెల తిరగకుండానే జాడీలో పైన తెల్లగా బూజు. తుడిచినా రెబ్బ మొదట్లో, సందుల్లో తడి ఉండిపోతుందని అప్పుడు తెలిసింది. అత్తయ్య కోప్పడలేదు. "నీళ్లల్ల నానిన ఎల్లిగడ్డ కూరకైతది బిడ్డా, తొక్కుకు గాదు" అంది. ఆ జాడీ మొత్తం పారబోశాం. మరుసటి ఏడు తనే కూర్చుని నేర్పింది.

ఆ పద్ధతి ఇది. ముందురోజు గడ్డలు విడగొట్టి రెబ్బలు చేయండి. పైన వదులుగా ఉన్న పొట్టు అప్పుడే చాలా వరకు పోతుంది. అరకిలోకి రెండు చెంచాల నూనె పోసి, రెబ్బలన్నిటికీ అంటేలా చేత్తో కలపండి. ఎక్కువ పోస్తే జిడ్డు తప్ప లాభం లేదు. మర్నాడు పదింటికల్లా పళ్ళెంలో పలచగా పరిచి మంచి ఎండలో పెట్టండి. రెండు మూడు గంటల్లో పొట్టు పెళుసుబారి, రెబ్బ నుంచి విడివడుతుంది. వేడి మీదుండగానే ముతక గుడ్డలో మూటకట్టి, చపాతీ పిండిలా అటూ ఇటూ గట్టిగా రుద్దాలి. గోనెగుడ్డ అయితే ఇంకా మంచిది. తర్వాత చేటలో పోసి చెరిగితే పొట్టు ఎగిరిపోతుంది. చెరగడం రాకపోతే బాల్కనీలో పళ్ళెం పెట్టి ఊదండి, లేదా ఫ్యాను ముందు పెట్టండి (ఇల్లు ఊడ్చకముందే సుమా, తర్వాత కాదు). నూటికి ఓ పదిహేను ఇరవై రెబ్బలు మొండికేస్తాయి. వాటికి మొదలు కాస్త కోసి లాగితే చాలు. ఎండ లేని రోజున వెచ్చటి పెనం మీద, సన్నని మంటపై రెండు మూడు నిమిషాలు కదుపుతూ ఉంచినా పొట్టు వదులుతుంది. కానీ రెబ్బ ఉడకకూడదు.

మైక్రోవేవ్ కూడా వాడతాను, కూరల కోసమే. ఇరవై సెకన్లు చాలు. అంతకు మించితే రెబ్బ మెత్తబడి, ఘాటు తగ్గిపోతుంది. వెల్లుల్లిని నలిపినప్పుడు వచ్చే ఆ ఘాటుని పుట్టించే ఎంజైము వేడికి చచ్చిపోతుంది మరి. కారానికీ పచ్చడికీ ఆ ఘాటే కదా కావాల్సింది.

రోజూ తాలింపుకి నాలుగు రెబ్బలు కావాలంటే ఇవేవీ అక్కర్లేదు. చిన్న రోట్లో వేసి ఒక్క దెబ్బ వేస్తే పొట్టు దానంతటదే విడిపోతుంది. చారుకైతే నేను పొట్టుతోనే చితక్కొట్టి వేస్తాను. వెల్లుల్లి కారం కూడా మా అమ్మ పొట్టుతోనే దంచుతుంది. ఎగ్జిబిషన్‌లో కొన్న రబ్బరు గొట్టం ఒకటుంది, అందులో నాలుగైదు రెబ్బలు పెట్టి దొర్లిస్తే బాగానే వస్తాయి. కానీ అరకిలో అలా నాలుగేసి చొప్పున దొర్లించే ఓపిక ఉంటే గోళ్ళతోనే ఒలుచుకోవచ్చు. ప్రస్తుతం అది మా పిల్లాడి బొమ్మల బుట్టలో ఉంది.

ఇక మంట సంగతి. అది పచ్చి వెల్లుల్లి రసం వల్లే. ఎక్కువసేపు తగిలితే చర్మం నిజంగానే పొక్కుతుంది, కాబట్టి పలచటి గ్లౌజులు వేసుకోండి. లేకపోతే మొదలుపెట్టే ముందే వేళ్ళకి కొబ్బరినూనె పట్టించండి. మండడం మొదలయ్యాక రాస్తే పెద్దగా ఉపయోగం ఉండదు.

ఒలిచినవి మిగిలితే తడిలేని డబ్బాలో, అడుగున పొడిగుడ్డ వేసి ఫ్రిజ్‌లో పెడితే వారం రోజులు బాగుంటాయి. నూనెలో మునిగేలా పోసి గట్టు మీద ఉంచుతారు కొందరు, అది మాత్రం చేయకండి. గాలి తగలని ఆ నూనె అడుగున, మామూలు వేడిలో, బొట్యులిజం అనే ప్రమాదకరమైన ఆహార విషదోషాన్ని తెచ్చే బ్యాక్టీరియా పెరగొచ్చు. వాసనలో, రంగులో ఏ తేడా తెలియదు. ఆవకాయలో మామిడి పులుపూ ఉప్పూ ఉంటాయి కాబట్టి అక్కడ దాని ఆటలు సాగవు.